పూజలందుకున్న సీడీ

ప్రదీప్‌కుమార్ పేరెత్తితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కల్లూరులో మోటార్లు, పైపులు అమ్మే అంగడి ఆయనది. మూడు తరాలుగా వ్యాపారం చేస్తున్న కుటుంబం. కింద పడిన బోల్టు ఏ మూలకు దొర్లిందో కళ్ళు మూసుకుని చెప్పగలరు ఆ ఇంట్లో. అంత జాగ్రత్తపరుల ఇంట పుట్టి, పద్దెనిమిదేళ్ళ కష్టాన్ని గంగలో కలిపిన ఘనుడాయన. అది తన కష్టమైతే నేను నోరు మూసుకునే ఉండేదాన్ని.

ఆ కష్టం హనుమన్నది. కోడుమూరు మనిషి. బోర్లు వేసే బండి మీద పద్దెనిమిదేళ్ళు పనిచేశాడు. బండి ఏ చేలో నిలబడినా ఆ చేను వివరమంతా నోటుబుక్కులో రాసుకోవడం ఆయన అలవాటు. ఊరు, రైతు పేరు, గట్టు నుంచి ఎంత దూరం, ఎన్ని అడుగులు దించారు, బండ ఎక్కడ తగిలింది, ఎన్ని ఇంచుల నీళ్ళు పడ్డాయి, అన్నీ. నీళ్ళు పడకపోతే ఒకటే మాట రాసేవాడు, ‘దుమ్ము’ అని. అలా పదకొండు లావుపాటి పుస్తకాలు నిండాయి. చుట్టుపక్కల రైతులు బోరు వేయించే ముందు ఆయన ఇంటికొచ్చి, ఆ పుస్తకాలు తిరగేయించుకుని పోయేవాళ్ళు. పుణ్యానికే చూసి చెప్పేవాడు మహానుభావుడు.

ఈ సంగతి ప్రదీప్‌కుమార్ చెవిన పడింది. రైతులు బోర్ల కోసం ఒక మనిషి గడప తొక్కుతున్నారంటే, వాళ్ళను తన గడప ఎందుకు తొక్కించకూడదు అనుకున్నాడు. అప్పుడు 2005. వెబ్‌సైటు అంటే మా కర్నూల్లో కారు కొన్నంత గొప్ప. హనుమన్నను పిలిపించి, కాఫీ తాగించి, పుస్తకాలన్నీ అడిగి తీసుకున్నాడు. హైదరాబాదులో సైటు పెట్టించి, వాటిని అందులో ఎక్కించే పని నాకు అప్పజెప్పాడు. నేను స్వర్ణలతను. ఆయన అంగడికి ఎదురుగా చిన్న డీటీపీ సెంటరు నాది.

ఉగాది దాటాక మొదలుపెట్టి దసరా దాకా కొట్టాను. హనుమన్న రాత కోడి కెలికినట్టు ఉండేది కానీ తప్పు మాత్రం ఉండేది కాదు. రెండు వేల మూడు వందల చిల్లర బోర్లు. అన్నీ నేరుగా సైటులోకే ఎక్కించాను, నా కంప్యూటర్లో ఏమీ ఉంచుకోలేదు. సైటు తెరిస్తే ముందు కనిపించేది బోర్లు కాదు, చేతులు జోడించిన ప్రదీప్‌కుమార్ నిలువెత్తు ఫొటో. దాని కింద ‘సేకరణ: ప్రదీప్‌కుమార్’. సిగ్గు లేకపోతే సరి! హనుమన్న పేరు ఎక్కడన్నా వేద్దామా అని నేను అడిగితే, “వేద్దాంలేమ్మా, తొందరేముండాది?” అన్నాడు.

సైటు ప్రారంభానికి ముందురోజు మొత్తం ఒక సీడీలోకి దించి ఆయన చేతిలో పెట్టాను. “అన్నా, సైటుకేమన్నా అయితే మనకు దిక్కు ఇదే. కవర్లో పెట్టి బీరువాలో దాచు. నెలనెలా కొత్తది చేసుకుందాం,” అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “ఒకసారి తాళి కట్టినాక నెలనెలా కడతారేమ్మా?” అన్నాడు. అంగట్లో వాళ్ళంతా ఇకిలించారు. తానేదో పెద్ద చమత్కారం చేసినట్టు ఆయనా నవ్వాడు.

మర్నాడు ఆయుధపూజ. అంగట్లో పానాలు, సుత్తులు, త్రాసు, కొత్త కంప్యూటరు, అన్నింటికీ బొట్లు పెట్టారు. పళ్ళెం నడిమధ్యలో మా సీడీ! రెండు పక్కలా గంధం పూసి, దాని మీద పసుపు, కుంకుమ. “అయ్యో అన్నా, దానికి పెట్టకూడదు,” అని నేను ఉరికితే, “దేవునికి చూపించకుండా ఏది మొదలుపెడ్తామమ్మా మేము? అపశకునం మాటలు మాట్లాడొద్దు,” అని కసిరాడు. తర్వాత దాని నడిమి కంతలోంచి దారం దూర్చి గల్లాపెట్టె పైన దేవుని పటం పక్కన మేకుకు తగిలించాడు. ప్రతి శుక్రవారం పాత బొట్టు గోరుతో గీకి కొత్త బొట్టు పెట్టేవాడు. ఎదురుగా నూనె దీపం, సాంబ్రాణి పొగ. ఏడాదిన్నరకు పైగా రాజభోగం అనుభవించింది ఆ సీడీ.

నా తప్పు లేదని నేను అనను. ఆరోజే ఇంకో సీడీ కొట్టి నా సొరుగులో వేసుకుని ఉంటే పది నిమిషాల పని. చెప్పాను కదా, వినకపోతే వాళ్ళ ఖర్మ అని ఊరుకున్నాను. నా బుద్ధిని చెప్పు తెగేలా కొట్టాలి.

2007 మే నెలలో ఒక పొద్దున హనుమన్న, ఒక రైతును వెంటబెట్టుకుని నా సెంటరుకు వచ్చాడు. ఆయన పేరు మారెన్న, ఊరు పత్తికొండ పక్క పల్లె. నాలుగేళ్ళ చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉందట. ఉన్న బోరు ఎండిపోయింది. తర్వాత వేసిన రెండూ దుమ్ము. బోరు బండి ఆ ఊళ్ళోనే ఉంది, రేపు ఒక్కరోజే ఉంటుంది, ఎల్లుండి వేరే జిల్లాకు పోతుంది. ఇంకో నెల ఆగితే చెట్లు ఉండవు.

“ఆ చేను ముందు వేరేవాళ్ళది. వాళ్ళకు మేమే నాలుగు బోర్లు ఏసినాం,” అన్నాడు హనుమన్న. “మూడు దుమ్ము, ఒకదాంట్లో మూడించుల నీళ్ళు పడె. చేను అమ్మేటప్పుడు వాళ్ళు పైపులు పెరుక్కొని దాన్ని పూడ్చి పోయినారు. అది ఏ గట్టు పక్కనో జ్ఞాపకం రాలేదమ్మా. నేను రాసింది తీసి చూపించు, సాలు.”

సైటు కొట్టాను. తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టాను. తెల్లటి పేజీ. సైటు పెట్టిన హైదరాబాదు కుర్రవాడికి ఫోన్ చేస్తే, “సర్వర్ డిస్క్ పోయింది మేడం. మీ దగ్గర బ్యాకప్ ఉంటుంది కదా, పంపించండి, అరగంటలో ఎక్కిస్తాం,” అన్నాడు. ఇల్లు తగలబెట్టి, ఇంకో ఇల్లు ఉంది కదా మీకు అన్నట్టు అడిగాడు వాడు.

ముగ్గురం రోడ్డు దాటి అంగడికి పరుగెత్తాం. ప్రదీప్‌కుమార్ సంగతంతా విని, బెదరకుండా చిరునవ్వు నవ్వాడు. “అందుకే గదమ్మా దేవుని కాడ పెట్టింది,” అని సీడీకి దండం పెట్టి మరీ మేకు మీంచి తీశాడు. అట్టకట్టిన పసుపు తప్ప సీడీ కనపడలేదు నాకు. తడిబట్టతో మెల్లగా తుడిచాను. పసుపుతో పాటు వెండిరంగు పొర కూడా ఉల్లిపొరలా ఊడి వచ్చింది. దాని గుండా చూస్తే అవతల మారెన్న ముఖం కనిపించింది. అయినా ఆశ చావదు కదా, కంప్యూటర్లో పెట్టాను. కాసేపు గిరగిరా తిప్పి ఉమ్మేసింది.

“పోనీ, నా పుస్తకాలియ్యి శెట్టీ. పాతకాలం మాదిరి చూసుకుంటాం,” అన్నాడు హనుమన్న.

అప్పుడు మొదటిసారి ప్రదీప్‌కుమార్ ముఖంలో నెత్తురు లేకుండా పోయింది. “అంతా కంప్యూటర్లో ఉండాది గదా అని...” అని గొణిగాడు. ఆయన చూపు వెంబడి అందరం చూశాం. వాషర్లు, బోల్టులు పొట్లాలు కట్టే కాగితాల కట్ట, మేకుకు గుచ్చి ఉంది. ఏడాదిన్నరగా హనుమన్న పుస్తకాలు చించి పొట్లాలు కడుతున్నారు ఆ అంగట్లో! కాగితం వృథా చేయకూడదట. వ్యాపారస్థుల పొదుపు మరి. మిగిలిన కట్ట గుంజుకుని వెదికాం. ఇరవై ముప్పై కాగితాలున్నాయి, అన్నీ కోడుమూరు వైపువే. పత్తికొండ ఎప్పుడో బోల్టులతో పాటు ఊళ్ళు పట్టుకుని పోయింది.

హనుమన్న అరవలేదు. నేను అరిచాను. నోటికొచ్చినట్టల్లా అన్నాను, రోడ్డు మీద జనం ఆగేదాకా అన్నాను. ఆ పెద్దమనిషి నా మాటలన్నీ విని, “ఇప్పుడేమైంది? మళ్ళా రాయించి ఇంకా పెద్ద సైటు పెడదాం. ఈసారి ముహూర్తం గట్టిగా చూపిస్తా,” అన్నాడు. ముహూర్తమట! నా కంట్లో నీళ్ళు తిరిగాయి, కోపంతోనో ఏడుపుతోనో నాకే తెలియలేదు.

మర్నాడు నేనూ పోయాను మారెన్న చేనుకి. ఇంట్లో కూర్చుంటే నిలవలేకపోయాను. హనుమన్న గట్లన్నీ తిరిగాడు, వంగి మట్టి చూశాడు, నిలబడి కళ్ళు మూసుకున్నాడు. “ఏమప్పా, నీ మనసుకు యాడ తోస్తే ఆడ చెప్పు,” అని మారెన్న బతిమాలాడు. “రాసిందయితే చెప్తా మారెన్నా. ఊరికే చేయి చూపించి నీ కొంప ముంచలేను,” అన్నాడు హనుమన్న. చివరికి మారెన్నే తూర్పు గట్టు పక్కన ఒక రాయి పెట్టి, ఇక్కడ దించండని బండివాళ్ళకు చెప్పాడు.

రెండు వందల అడుగులకు బండ. మూడు వందలకు బండ. నాలుగు వందల యాభై దాకా దించారు. తెల్లటి దుమ్ము లేచి చీనీ ఆకుల మీద, మా తలల మీద పడింది. బండి ఆపేశారు. మారెన్న భార్య చెంగుతో ముఖం తుడుచుకుంటూ ఒక చెట్టు మొదట్లో కూర్చుండిపోయింది.

అప్పుడు నా ఫోను మోగింది. ప్రదీప్‌కుమార్.

“ఏమ్మా, పడినాయా నీళ్ళు? పడితే మోటారు మన కాడే తీసుకోమని చెప్పు. ఆయప్పకు మంచిది చూసి ఇస్తా.”

ఎవరని మారెన్న సైగ చేస్తే చెప్పాను. ఫోను ఇమ్మని చేయి చాపాడు. తిడతాడనుకున్నాను, కడుపారా తిట్టాలనే కోరుకున్నాను.

“శెట్టీ, మారెన్నను. తూర్పు గట్టు కాడ దుమ్మే లేసింది, నాలుగు నూర్ల యాబై అడుగులు,” అన్నాడు మెల్లగా. “యాడన్నా రాసిపెట్టు సామీ. మా పక్క చేను నరసింహ కూడా ఈ గట్టు మీదనే ఏపిస్తా అంటాండాడు.”

అని అవతలి జవాబు కోసం ఫోను చెవికి ఆనించుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నాకు తిరిగి ఇచ్చాడు.

“ఫోను కట్టయినట్టుండాదమ్మా,” అన్నాడు.