కాలు తీసినవా, బిడ్డా?

మొన్న పొద్దున వికారాబాద్‌లో మా పక్కనున్న కిరాణా కొట్టుకు తాండూరు నుంచి ట్రంకాల్ వచ్చింది. మా మరిది. "నాయిన పోయిండు వదినా" అన్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

అవతల ఏడుపు వినబడేదాకా నాకు అర్థం కాలేదు. ఆదివారం మా ఇంటికి వస్తానని ముందురోజే కబురు పంపిన మనిషి మా మామగారు. టీ తాగి, కారు కడగడానికి బకెట్ ఎత్తుతూ కూలిపోయారట. ఆ మాట ఇంకా నా లోపలికి దిగలేదు.

మా మామగారిది నాపరాళ్ల వ్యాపారం. పాత కారొకటి కొని, కొడుకులకన్నా ముందు నాకు నడపడం నేర్పారు. ఎందుకని అడిగితే "నువ్వడిగినవ్, వాళ్లడగలే" అన్నారు. పొద్దున్నే బానెట్ ఎత్తి ఇంజన్ చప్పుడు వినేవారు. "జర ఇననియ్యుండ్రి" అంటే ఇల్లంతా నోరు మూసుకోవాల్సిందే.

ఒకసారి వికారాబాద్ నుంచి తాండూరుకు పోతూ అనంతగిరి కొండ దిగుతున్నాం. స్టీరింగ్ నా చేతిలో ఉంది. పక్కన మామగారు, వెనక అత్తమ్మ, మా ఆయన. మలుపు దగ్గర ఎక్సిలేటర్ మీంచి కాలు తీశాను. కారు నెమ్మదించలేదు. ఇంజన్ ఇంకా గట్టిగా అరిచింది. అత్తమ్మ కేక పెట్టింది.

"బ్రేక్ తొక్కు. తాళం తిప్పి బంద్ చెయ్." మామగారి గొంతు కొంచెం కూడా పెరగలేదు.

రోడ్డు అంచున ఆగాం. అవతల లోయ.

"బ్రేకనుకొని ఎక్సిలేటర్ తొక్కింది" అన్నారు మా ఆయన. "ఆడోళ్లకు బండెందుకంటే ఇంటరా?" అంది అత్తమ్మ. నిజంగా తొక్కానేమోనని నాకే అనుమానం వచ్చింది.

మామగారు నా వైపు తిరిగారు. "కాలు తీసినవా, బిడ్డా?"

"తీసిన మామా."

"అయితే తప్పు బండిల ఉంది."

అడిగి, నా జవాబు కోసం ఆగింది ఆయన ఒక్కరే.

కారు మళ్లీ స్టార్ట్ చేస్తే బుద్ధిగా నడిచింది. "చూడు నాయినా, మంచిగనే ఉన్నది" అన్నారు మా ఆయన. మామగారు నన్ను సీట్లోనే కూర్చోబెట్టి, తాను బానెట్ కింద తల పెట్టారు. తొక్కమంటే తొక్కాను, వదలమంటే వదిలాను. ఏమీ కాలేదు. "ఇంజన్ ఇంక వేడెక్కాలె. ఆపకు" అన్నారు. అలా చేస్తుండగా, కాలు తీసినా ఇంజన్ ఒక్కసారిగా హోరెత్తింది.

"కాలు గట్లనే పైకుంచు!" అని కొడుకును పిలిచారు. కార్బురేటర్ పక్కన, ఎక్సిలేటర్ తొక్కితే కదిలే చిన్న మీట తెరుచుకున్నచోటే ఇరుక్కుంది. దాన్ని వెనక్కి లాగాల్సిన స్ప్రింగు సాగిపోయి వేలాడుతోంది.

"ఇప్పుడు ఆమె కాలు యాడుందో చూసి రా."

మా ఆయన వచ్చి చూశారు.

మామగారు ఇంజన్ ఆపించి, తాళం తీసుకుని, డిక్కీలోంచి సైకిల్ ట్యూబు ముక్క తీసి, మీటను వెనక్కి లాగేలా బిగించి కట్టారు. "తాండూరు దాంక ఆగుతది. రేపు కొత్త స్ప్రింగేద్దాం." తాళం నాకే ఇచ్చారు.

"నా వల్ల కాదు మామా."

"ఇయ్యాల ఇడిస్తె మల్ల పట్టవు బిడ్డా. పోనియ్యి."

పోనిచ్చాను. కొండ దిగాక భయంభయంగా పక్కకు చూశాను. మామగారు కిటికీకి తల ఆనించి, మసి చేతులు ఒళ్లో పెట్టుకుని నిద్రపోతున్నారు. తాండూరులో ఇంటి ముందు ఇంజన్ ఆపినా లేవలేదు. అత్తమ్మ ఆయన భుజం తట్టబోతే, వద్దని చెయ్యి అడ్డం పెట్టాను.