కేరాఫ్ రాజవ్వ

కోరుట్ల బస్టాండులో జగిత్యాల బస్సు కోసం చూస్తుంటే, పక్కన కూర్చున్న బుర్ఖా ఆమె ఆధార్ ఫారం నా చేతికిచ్చింది. అడ్రసు మార్చుకోవాలట, రాసిపెట్టమంది. బీడీలు చుట్టి చుట్టి ఆమె వేళ్ల కొసలు నల్లబడ్డాయి.

"కేరాఫ్ దగ్గర మీ ఆయన పేరు చెప్పండమ్మా," అన్నాను.

"ఆయన పోయిండు బిడ్డా. కిరాయి కట్టలేక మూడిండ్లు మారిన. ఏ ఇంటోళ్లు గూడ కార్డుల వాళ్ల ఇంటి నంబరు ఎక్కియ్యనియ్యలే. ఇప్పుడు రాజవ్వ ఇంట్ల ఉంటున్న. ఆమె పేరే రాయి."

"మీకు చుట్టమా?"

"కాదు. ముసలామె, ఒక్కతే ఉంటది. కిరాయి వద్దన్నది. 'రోజూ పొద్దుగాల నన్ను లేపు. నేను లేవకుంటె నలుగురికి చెప్పు. గదే నీ కిరాయి' అన్నది."

రాజవ్వ పేరు రాసిచ్చాను. ఆమెకు చదువు రాదు. అయినా సిరా ఆరేదాకా ఆ పేరు మీద మెల్లగా ఊదింది.

బస్సు వచ్చింది. ఆడవాళ్లకిచ్చే ఫ్రీ టికెట్టు కోసం ఇద్దరం ఆధార్ కార్డులు బయటికి తీశాం.

"నీ కార్డుల ఎవరి పేరున్నది బిడ్డా?"

"మా నాన్నది."

ఆయన పోయి ఏడేళ్లయిందని, నన్ను లేపేవాళ్లెవరూ లేరని చెప్పలేదు.