కనకమ్మ పట్టిన శని

కనకమ్మను శని అన్నది ఒక్కసారే. కానీ అన్నది బసవమ్మగారు. అదీ మామిడితోట గేటు దగ్గర, కూలికొచ్చిన ముఠా అంతా వింటుండగా.

ముసునూరు దాటాక రోడ్డు పక్కనే ఉంటుంది జగన్మోహనరావుగారి తోట, అందులోనే ఇల్లు. సగం బంగినపల్లి, సగం చిన్న రసాలు. పెళ్లైన కొత్తలో రాలుకాయలు ఏరడానికి ఆ తోటలో అడుగుపెట్టిన కనకమ్మ, పోనుపోను ఆడకూలీల ముఠాకి మేస్త్రి అయింది. ఏ చెట్టు ముందు కోయాలో, ఏ కాయ ఏ బుట్టలో పడాలో ఆమె చెబితే రావుగారు కూడా కాదనేవాడు కాదు. మొగుడు పోయినప్పుడు దినాలు కాగానే కన్నీళ్లు తుడుచుకుని పనిలోకి వచ్చింది. సరిగ్గా ఆ వేసవే గాలివాన కొట్టి, కోతకొచ్చిన కాయంతా నేలపాలైంది.

రావుగారి తల్లి బసవమ్మగారు జాతకాలు చెప్పేవాడి దగ్గరికి పరిగెత్తింది. తోటలోకి శని అడుగుపెట్టిందన్నాడతను. అది ఎవరో అతను చెప్పలేదు. ఆవిడే వెతుక్కుంది.

"మొగుణ్ణి మింగి తిన్నగా మన తోటలోకొచ్చింది. ఇదే శని! ఒసే కనకం, ఇంకోసారి గేటు దాటావంటే మర్యాద దక్కదు," అంది. అని ఊరుకోలేదు. కనకమ్మ నిలబడ్డ చోట పసుపునీళ్లు చల్లించింది. రావుగారు పక్కనే ఉండి తన చెప్పుల వంక చూసుకున్నాడు. ముఠా అంతా బుట్టలు తీసుకుని లోపలికి నడిచింది. వాళ్లకీ పని కావాలిగా.

ఆ మాట ఊరు దాటిపోయింది. పక్క తోటలవాళ్లు "ఈ ఏడుకి వద్దులే కనకం" అని తప్పుకున్నారు. ఎదురైతే పక్కకి జరిగేవాళ్లు జరిగారు, పెళ్లిళ్లకి పిలవడం మానేసినవాళ్లు మానేశారు. చివరికి తనెవరో తెలియని ఉంగుటూరు వైపు వెళ్లి వరినాట్లేసుకుంది. నడుం వంచి నాటిన ప్రతి మొక్కకీ బసవమ్మగారిని తిట్టుకుంది. మామిడిచెట్ల మొదళ్లలో కలుపుమందు పోద్దామా అని కూడా ఒకరోజు అనుకుంది. చెట్టేం చేసింది పాపం అని మానుకుంది. ఆవిణ్ణి మాత్రం వదలదల్చుకోలేదు. ఎలా కొట్టాలో తెలియక కోపాన్ని కడుపులో పెట్టుకుని తిరిగింది.

కూతురు ప్రసన్న నూజివీడులో ఫోటో స్టూడియోలో పనిచేస్తుంది. దసరా వెళ్లాక ఒక సాయంత్రం, ఇంటి ముందు పొయ్యి రాజేస్తూ కనకమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"అసలా శని అనేవాడు ఎక్కడుంటాడే?"

ప్రసన్న ఫోన్లో చుక్కల పేర్లు చెప్పే యాప్ తెరిచి ఆకాశానికి చూపించి, దక్షిణం వైపు వేలు పెట్టింది. "అదిగో. మెరవకుండా నిలకడగా ఉంది చూడు, పసుపుపచ్చగా. అదే."

కనకమ్మ చాలాసేపు చూసింది. "ఇంతే ఉన్నాడా! వీడి మొహం చూడాలి నాకు. దగ్గరగా."

ప్రసన్న నవ్వలేదు. తల్లి గొంతు ఆమెకి తెలుసు. స్టూడియో ఓనరు సాయిరాం మూలన పడేసిన జూమ్ కెమెరా ఒకటుంది. తెర పగిలింది కానీ గొట్టం ఇంకా బారుగా సాగుతుంది. అడిగితే పట్టుకుపొమ్మన్నాడు. మరుసటి సాయంత్రం తల్లీకూతుళ్లు ఇసుక నింపిన సంచి మీద దాన్ని ఆనించి శని మీదకి గురిపెట్టారు.

మొదటి బొమ్మలో తెల్లటి బొబ్బ తప్ప ఏమీ లేదు. రెండోదాంట్లో పురుగు పాకినట్టు ఒక గీత.

"ఆకాశమంతా చీకటిగా ఉందని కెమెరా దానంతటదే వెలుతురు పెంచేస్తోందమ్మా. ఆటోలో కుదరదు," అని ప్రసన్న షట్టర్ వేగం పెంచి వెలుతురు తగ్గించింది. బొబ్బ చిన్నదైంది కానీ మసక పోలేదు. బటన్ నొక్కితే చెయ్యి అదురుతోందని టైమర్ పెట్టారు. నొక్కి చెయ్యి తీసేశాక కాసేపటికి దానంతటదే తీసుకుంటుంది. ఇంత చేసినా నీళ్లలో పడ్డ చొక్కాగుండీలా వణికిపోయాడు శని.

ప్రసన్న విసిగి వదిలేసేది. కనకమ్మ వదల్లేదు. పగలంతా పొలంలో వంగి, సాయంత్రమైతే కెమెరా ముందు వంగేది. అక్షరం రాకపోయినా ఏ బొత్తం ఎటు తిప్పితే ఏమవుతుందో చెడగొట్టి చెడగొట్టి నేర్చుకుంది. ఒకరోజు జూమ్ మొత్తం లాగేసరికి చుక్క చట్రంలోంచి జారిపోయి, తిరిగి దొరక్క, కెమెరా నేలకేసి కొట్టబోయింది. ప్రసన్న అడ్డుపడింది. రేకుల ఇంటి పక్కన వేడిగాలి లేచి బొమ్మని వణికిస్తోందని ఎవరో చెబితే సంచీ, కెమెరా మోసుకుని కోతైపోయిన చేలోకి మారారు. నెలవంక ఉన్న రోజు ముందు చంద్రుడి గుంటల మీద ఫోకస్ సరిచేసుకుని, ఆ ఫోకస్ కదపకుండా శని వైపు తిప్పారు. కార్తీకంలో వాన వెలిసి ఆకాశం కడిగినట్టున్న సాయంత్రం, ఫోటోకి బదులు వీడియో తీశారు. దాన్ని ప్రసన్న స్టూడియో కంప్యూటర్లో పెట్టి, అందులో నిదానంగా ఉన్న బొమ్మల్ని మాత్రం ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చింది.

ఆ ప్రింటు తీసుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది.

చిన్న బంతి. దాని చుట్టూ చక్రం. రెండు పక్కలా చెవులున్న గంగాళంలా ఉంది. బంతికీ చక్రానికీ మధ్య సన్నటి నల్ల సందు కూడా కనిపిస్తోంది.

కనకమ్మ దాన్ని పొయ్యి వెలుగులో పెట్టుకుని చూసింది. తిట్టాలని ఎన్ని మాటలు కూడబెట్టుకుందో! ఒక్కటీ రాలేదు.

"వీడికి నా పేరైనా తెలుసంటావా?" అంది చివరికి.

"దానికి మనమున్నట్టే తెలియదమ్మా."

"మరి వీడి పేరు నాకు పెట్టిందెవరే?"

అప్పటిదాకా ఆకాశానికీ భూమికీ పంచిన కోపమంతా ఒక్క మనిషి మీదకి వచ్చి చేరింది. ఎలా కొట్టాలో కూడా ఆ క్షణమే తెలిసింది. బసవమ్మగారు శని పేరు చెబితే లెంపలేసుకునే మనిషి. గుళ్లో నవగ్రహాల చుట్టూ తిరిగేటప్పుడు ఆ విగ్రహం ఎదురుగా కళ్లు మూసుకుని నడుస్తుంది. శని చూపు పడితే కొంప మునుగుతుందని ఆవిడ నమ్మకం.

నూజివీడులో ఫ్లెక్సీలు వేసే వినోద్ బొమ్మ చూసి, "మధ్యలో మీ ఫోటో కూడా వెయ్యనా అండీ, పుట్టినరోజుకా?" అన్నాడు. కనకమ్మ తనకి కావలసిన ముక్కలు చెప్పి రాయించుకుంది.

తోట గేటుకి సరిగ్గా ఎదురుగా సలోమోను సోడాకొట్టు ఉంది. అతను ఆ రోజు పసుపునీళ్లు చల్లడం చూసినవాడే. "మా ప్రార్థనలకి శనితో పేచీ లేదక్కా. కట్టుకో," అని నిచ్చెన కూడా తనే పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కళ్లాపి చల్లడానికి గేటు తీసిన బసవమ్మగారికి ఎదురుగా, గోడంత శని. కింద పెద్ద అక్షరాలు: "శనిగారు వీరు. నేను కాదు. ఫోటో: కనకమ్మ."

బకెట్ జారి కాళ్ల మీద పడింది. ఆవిడ కేకకి పనివాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఆ రోజు నుంచి గేటు తియ్యలేదు. పూత మీద మందు కొట్టడానికొచ్చిన ట్రాక్టరూ, తోట చూడ్డానికొచ్చిన వ్యాపారులూ వెనక గట్టు మీద నుంచి బురద తొక్కుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. నువ్వులనూనె దీపాలు పెట్టారు, కాకులకి అన్నాలు పెట్టారు. శని కదల్లేదు. దారినపోయేవాళ్లు ఆగి సోడా తాగి, చదువుకుని, గేటు వంక చూసి నవ్వుకునేవాళ్లు. కనకమ్మ రోజూ ఆ దారినే నడిచివెళ్లింది. పని లేకపోయినా వెళ్లింది.

ఒకనాటి సాయంత్రం రావుగారు ఆమె గుమ్మంలోకొచ్చాడు.

"ఏంటి కనకం ఇది? అమ్మ అన్నం సరిగ్గా తినట్లేదు."

"పోయినేడు నేను తిన్నానాండీ? ఒక్కరోజైనా అడిగారా?"

ఆయన తల దించుకున్నాడు. "ఏం చెయ్యమంటావు?"

"ఆవిడ నలుగురిలో అంది. నలుగురిలోనే కాదనమనండి."

"పెద్దావిడ. కాళ్ల నొప్పులు. అక్కడిదాకా ఎలా వస్తుంది?"

"మాట అనడానికి కాళ్లెందుకండీ? ఆ రోజు నోరేగా వాడింది."

వేసవి వచ్చింది. కోత మొదలయ్యే రోజు కూలీలు సోడాకొట్టు దగ్గర ఆటోలు దిగేసరికి కనకమ్మ అక్కడే ఉంది. గేటు కిర్రుమంది. బసవమ్మగారు తల మీద చెంగు కప్పుకుని, మనవరాలు కీర్తిప్రియ భుజం పట్టుకుని బయటికొచ్చింది. ఫ్లెక్సీకి వీపు పెట్టి నిలబడింది.

"నువ్వు శనివి కావులే కనకం. ఇక తీసెయ్యి."

"కావులే అంటే కుదరదు పెద్దమ్మగారూ. ఇటు తిరగండి. ఆయన్ని చూసి చెప్పండి."

"కనకమ్మా, చాల్లే..." అంది కీర్తిప్రియ. కనకమ్మ ఆ పిల్ల వంక చూడనైనా లేదు.

బసవమ్మగారు తిరిగింది. చెంగు తొలగించి, కళ్లు పైకెత్తింది. లెంపలేసుకుంది. "నువ్వు శనివి కాదు," అంది, అందరికీ వినబడేలా. కళ్లలోంచి నీళ్లు కారాయి.

ముఠాలో ఎవరో ముక్కు చీదారు. తనకి జాలి వేస్తుందేమోనని కనకమ్మకే భయం వేసింది. వెయ్యలేదు. ఎండలో నడిచి నడిచి చల్లటి మజ్జిగ తాగినట్టుంది.

"రేపట్నుంచి పనిలోకి వచ్చెయ్యి," అన్నాడు రావుగారు.

"రానండి," అంది. మైలవరం వైపు ఒక తోటలో అప్పటికే మాట ఇచ్చింది. ముఠాలో సగంమంది ఆ ఆటోల్లోనే ఆమె వెనక వెళ్లిపోయారు. రావుగారి కాయ చెట్టు మీదే ముగ్గుతుంటే కొత్త కూలీల కోసం ఊళ్లు తిరిగాడు.

ఫ్లెక్సీ మాటేంటంటే, తీస్తానంది కనకమ్మ. ఎప్పుడు తీస్తానో చెప్పలేదు. ఆఖరి లారీ వెళ్లేదాకా ఉంచి, అప్పుడు విప్పింది. తెచ్చి సబ్బుపెట్టి కడిగి, బొమ్మ లోపలివైపుకి వచ్చేలా మేకలపాక మీద కప్పింది. మేకలు దానికింద హాయిగానే నెమరేసుకుంటున్నాయి.