లైట్ తీస్కోమంటే లైట్ తీసుకున్నాను

అశోక్ నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు నేను చరిత్ర చెబుతాను. మొదటి బ్యాచ్ ఉదయం ఐదున్నరకు. పాఠంలో ఒక్క అబద్ధం చెప్పను. చెబితే వాళ్ల మార్కులు పోతాయి. అందువల్ల నాలో రోజూ తయారయ్యే అబద్ధాల సరుకంతా మిగిలిపోయి టీ కొట్టు దగ్గరా ఇంట్లోనూ ఖర్చవుతుంది.

ఆ సరుకు తయారయ్యేది సైకిల్ మీద. అంబర్‌పేట్‌లో ఇంటి ముందు ఎక్కి, నారాయణగూడ మీదుగా చిక్కడపల్లి సందుల్లో పడి, అశోక్ నగర్‌లో దిగేలోపు ఒక కథ పూర్తవుతుంది. బస్సులో కూడా ప్రయత్నించాను. కండక్టర్ వచ్చి టికెట్ అనగానే కథ తెగిపోతుంది. కాబట్టి ఆ చలికాలం నేను కింద పడ్డప్పుడు మోకాలి కంటే ఎక్కువ ప్రమాదంలో పడింది సైకిలే.

పడింది చిక్కడపల్లిలో, ఒక సందు మలుపులో. ఐదు దాటింది, ఇంకా తెల్లవారలేదు, వీధి దీపాలు వెలగడం లేదు. ముందు చక్రం దేంట్లోనో దిగింది, నేను హ్యాండిల్ మీదుగా దిగాను. అంతే జరిగింది. కానీ అంతే జరిగిందని చెప్పుకోవడానికి నాకు నామోషీ. టీ కొట్టు చేరేసరికి ఆ గుంత నడుములోతు అయింది. క్లాసులో నిలువులోతు. ఇంటికి వచ్చేసరికి అందులో నాకంటే ముందే ఒక బర్రె పడి ఉంది. దాని వీపు మీద పడబట్టే బతికాను, అది లేచి నిలబడబట్టే పైకి రాగలిగాను.

మా ఆవిడ మోకాలికి పసుపు అద్దుతూ అంతా విన్నది. "బర్రెకేం కాలే కదా?" అని అడిగింది. కాస్త ఆగి, మెల్లగా, "ముందైతే నువ్వు లైట్ తీస్కో," అన్నది.

నా కళ్లు చెమర్చాయి. మన దగ్గర ఆ మాటకు అర్థం వేరే చెప్పాలా? పట్టించుకోకు, మనసులో పెట్టుకోకు, పోనీలే అని. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆమె నన్ను ఓదార్చడం అదే మొదటిసారి. నేనూ నిండు మనసుతో లైట్ తీసుకున్నాను. మోకాలి నొప్పిని, వీధి దీపాలను, చివరికి గ్యాస్ బుక్ చేయమని ఆమె చెప్పిన మాటను కూడా. ఎనిమిదో రోజు చీకట్లో నారాయణగూడలో సైకిల్‌ను ఇసుక కుప్ప మీదికి ఎక్కించి, ఒళ్లంతా ఇసుకతో ఇంటికి వచ్చాను.

"లైట్ తీస్కో అని చెప్పిన కదా నీకు!" అన్నది.

"తీస్కున్న కదనే! వారం సంది మస్తు లైట్ తీస్కున్న."

"ఏది మరి? సైకిల్‌కు కనవడ్తలేదు?"

"సైకిల్‌కెందుకు కనవడ్తది? అది మనసుల ఉంటది."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. ఆ చూపులోనే తెలిసింది, ఇరవై ఏళ్లలో నన్ను ఇంకా ఎవరూ ఓదార్చలేదని.

తీర్పు అక్కడికక్కడే వచ్చింది. ఆదివారంలోగా సైకిల్‌కు సరైన లైటు బిగించాలి. ఆ రోజు తెల్లారకముందే ఆమె వెనక క్యారియర్ మీద కూర్చుని ఆ చిక్కడపల్లి గుంత దాకా వస్తుంది. పది గజాల దూరం నుంచే గుంత కనిపించిందా, సైకిల్ ఉంటుంది. లేదా, పాత ఇనుప సామాన్లవాడి తోపుడుబండి ఎక్కుతుంది.

"బర్రె వట్టేటంత గుంత కనవడకపోతే అదేం లైటు?" అన్నది. ఆ మాటలో ఏదో ముల్లు ఉన్నట్టు అనిపించింది గానీ, అలవాటు కొద్దీ లైట్ తీసుకున్నాను.

నారాయణగూడలో సైకిళ్ల దుకాణం పెద్దాయన నాకంటే పదేళ్లు పెద్ద. ముందుగా ఆయనకు నేనేం తక్కువ వాణ్ని కాదని తెలియాలి కదా. "అన్నా, మా నాయిన సైకిల్‌కు డైనమో ఉండె. ఆయన అంబర్‌పేట్‌ల తొక్కితే, ఆ వెలుగుకు అడిక్‌మెట్‌ల కోడి కూసేది," అన్నాను.

ఆయన లైట్ల డబ్బాలు దించుతూ, తల కూడా ఎత్తకుండా, "ఆ కోడి మాదే సార్," అన్నాడు.

అలాంటి మనిషి మాట వినాల్సింది. వినలేదు. దుకాణంలో అన్నిటికంటే ఎక్కువ వెలుగు ఇచ్చేది కావాలన్నాను. "అది అడివిల తొక్కేటోళ్లకు సార్, చిక్కడపల్లికి కాదు," అంటున్నా బిగించుకుని వచ్చాను.

మర్నాడు ఉదయం ఆ లైటు వేస్తే రెండో అంతస్తు బాల్కనీలలో ఆరేసిన చీరల అంచులు కనిపించాయి. రోడ్డు తప్ప అన్నీ కనిపించాయి. చిక్కడపల్లిలో ఎదురుగా వస్తున్న స్కూటరాయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏ అన్నా, డిప్పర్ కొట్టు! సైకిలా, రైలింజనా?" అని అరిచాడు. అశోక్ నగర్‌లో హాస్టల్ పిల్లలు తెల్లారిందనుకుని బ్రష్షులు పట్టుకుని వరండాలోకి వచ్చారు. ఒక ఫ్లెక్సీలో ర్యాంకరు మీసాలు వెంట్రుక వెంట్రుకగా లెక్కపెట్టాను. దాని కిందే ఉన్న రాయిని మాత్రం చూడలేదు.

సాయంత్రం మళ్లీ దుకాణానికి వెళ్లాను. పెద్దాయన ఆ లైటు ఊడదీసి పక్కన పెట్టాడు. బొటనవేలంత లైటొకటి తీసి గోడ మీద వేశాడు. వెలుగు పైభాగంలో గీత గీసినట్టు ఆగిపోయింది. "వెలుగు మంది మొహాల మీద కాదు సార్, రోడ్డు మీద వడాలె. గంతే."

"ఆరుతూ వెలుగుతూ ఉండేది లేదా అన్నా? షాన్‌గా ఉంటది."

"చీకట్ల అట్ల వెట్టకున్రి. గుంత ఒకసారి ఉంటది, ఒకసారి ఉండది."

నా గుంతలన్నీ అలాంటివేనని ఆయనకు చెప్పలేదు. లైటు తల కాస్త కిందికి వంచి, వెలుగు పది అడుగుల అవతల మొదలై ముందుకు పరుచుకునేలా బిగించి, రెండు రోజులకోసారి ఫోన్‌లాగే ఛార్జింగ్ పెట్టమన్నాడు.

ఆదివారం. మా ఆవిడ శాలువా కప్పుకుని క్యారియర్ మీద కూర్చుంది. లైటు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. రోడ్డు మీద ఆకు, రాయి, ఉమ్మిన మరక, ఉన్నది ఉన్నట్టు చూపిస్తోంది. చిక్కడపల్లి సందు మొదట్లోకి వచ్చాక గానీ ఆ ముల్లు ఏమిటో నాకు తట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చూపిస్తోంది!

పదిహేను గజాల నుంచే కనిపించింది. దోసె పెనమంత వెడల్పు. మూడు వేళ్ల లోతు.

అది కాదు, వేరే గుంత అంటే సైకిల్ పోతుంది. అదే అంటే బర్రె పోతుంది. బ్రేకు వేసి, ఒక్క క్షణం బర్రెను తలుచుకుని, "అదిగో," అన్నాను.

ఆమె దిగి, లైటు ఊడదీసి, గుంత దగ్గరికి వెళ్లి అందులో కాలు పెట్టింది. చీలమండ దాకా కూడా రాలేదు.

"గిదేనా?"

"ఊఁ."

"గిండ్ల బర్రె ఎట్ల వట్టిందయ్యా?"

"చిన్నదే."

పక్కింటి మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. వాకిలి చల్లడానికి వచ్చిన ఇంటావిడ కంగారుగా, "ఏమైందక్కా?" అని అడిగింది.

"ఏం లేదక్కా, మా ఆయన బర్రె తప్పిపోయింది. ఎతుకుతున్నం."

"అయ్యో! ఎంతుంటది?"

మా ఆవిడ చెయ్యి చాపి జాన చూపించింది. ఆ ఇంటావిడ బకెట్‌తో సహా లోపలికి వెళ్లిపోయింది.

ఆమె కళ్లు తుడుచుకుని వచ్చి మళ్లీ క్యారియర్ ఎక్కింది. "పా, టీ తాగుదం."

"మరి సైకిల్?"

"గుంత కనవడ్డది కదా. ఉండనియ్యి."

"బర్రె సంగతి?"

"లైట్ తీస్కున్న," అన్నది.

ఏ అర్థంలో అన్నదో నేను అడగలేదు. లైటు ఆమె చేతిలోనే ఉంది. నా భుజం పక్కనుంచి ఆమె ఎటు వెలుగు వేస్తే అటు తొక్కాను.