ఈశాన్యం మూల పగడం

మా ఇంటి ఓనరు రామాంజనేయులు అంకుల్ బాచుపల్లి వైపు ప్లాట్లు అమ్మేవారు. కొనడానికి వచ్చినవాళ్లకు ముందు ఈశాన్యం చూపించి, ఆ తర్వాతే ధర చెప్పేవారు. కల్యాణదుర్గం దగ్గర పుట్టిన మనిషి. చిన్నతనమంతా వాన కోసం ఆకాశం చూస్తూ గడిపారు పాపం. అందుకేనేమో, ఒకసారి మద్రాసులో ఏదో హోటల్లో గాజుతొట్టి, అందులో ఉప్పునీళ్లు, రంగు చేపలు, వాటి మధ్య ప్రాణమున్న పగడం చూసి వచ్చాక ఆయనకు వేరే మాట లేకుండా పోయింది. నెల తిరక్కుండా అలాంటి తొట్టే మదీనాగూడలో మా కింది వాటా హాల్లోకి దిగింది. దిగడం దిగడం ఈశాన్యం మూలకే దిగింది.

గొడవంతా ఆ మూల గురించే. ఇల్లు కట్టినప్పుడే ఆ మూలను దేవుడి మందిరానికని అనసూయమ్మ ఆంటీకి మాటిచ్చారు. మందిరం రేపు, ఎల్లుండి అంటూనే ఉంది. దేవుళ్లు వంటింటి అలమరలో పంచదార డబ్బా పక్కన సర్దుకుని కూర్చున్నారు.

"ఈశాన్యంలో నీళ్లుండల్లని శాస్త్రం చెప్తాది," అన్నారు అంకుల్.

"దేవుడుండల్లని గూడా చెప్తాది. ఆ పక్క పేజీ చదవలేదేమో," అంది ఆంటీ.

ఆంటీకి తెలిసిన పగడం కుజదోషానికి ఉంగరంలో పెట్టుకునేది. తొట్టిలోది మట్టిరంగులో, బెల్లం ముద్దలా ముడుచుకుని కూర్చుంది. దీన్ని పగడమని అంటగట్టినవాడెవడో గట్టివాడేనని ఆవిడ తేల్చేసింది. మంచి లైటు పెడితే పువ్వులా విచ్చుకుంటుందని అమ్మినవాడు చెప్పాడట. ఏది మంచి లైటో మాత్రం చెప్పలేదు. ఆంటీ గడువు పెట్టింది. వరలక్ష్మీ వ్రతంలోగా అది విచ్చుకోకపోతే తొట్టి బయటికి, దేవుడు లోపలికి. అంకుల్ సరేనన్నారు. ప్లాట్లమ్మేవాళ్లకు గడువులంటే భయముండదు.

నేను వాళ్ల పై వాటాలో కిరాయికుండేదాన్ని. సిద్దిపేట నుంచి మా అమ్మ ఫోన్ చేస్తే కింద హాల్లోనే మాట్లాడాలి. కాబట్టి ఈ కథంతా రిసీవరు చెవిన పెట్టుకునే చూశాను.

మొదట మామూలు ట్యూబులైటు పెట్టారు. పగడం కదల్లేదు. దాంతో లింగంపల్లిలో పెళ్లిళ్లకు లైటింగ్ పెట్టే ఓదెలును పిలిపించారు. ఓదెలు తొట్టి చుట్టూ తిరిగి, పెళ్లికూతుర్ని చూసినట్టు చూశాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. నా లైటు కింద మెరవని మొకం లేదు."

పగడం కుజుడిది, కుజుడిది ఎరుపు, కాబట్టి ఎర్రలైటు పెట్టమని ఆంటీ సలహా ఇచ్చింది. పెట్టారు. తొట్టి నిండా చారు కాచినట్టయి, చేపలు రాయి వెనక్కి పోయి దాక్కున్నాయి. తర్వాత నీలం లైటు పెట్టారు. ఆ సాయంత్రం ప్లాటు కొనడానికి వచ్చినాయన ఇంట్లోవాళ్ల మొహాలు చూసి, ఎవరికి బాగాలేదని మెల్లగా అడిగి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

"ఇగ ఒక్కటే ఉంది సార్," అన్నాడు ఓదెలు. "హైటెక్ సిటీ కాడ బిల్డింగుల పనికి పెడుతున్నరు, తెల్లటిది. కండ్లకే జర పరేషాన్."

ఆ లైటును ఉయ్యాల కొక్కేనికి, తొట్టికి పైన వేలాడదీశాడు. సాయంత్రం వెయ్యగానే హాలు హాలంతా పట్టపగలైపోయింది. ఎదురింటివాళ్లు వచ్చి, ఎవరి పెళ్లండీ అని అడిగారు. అంకుల్ నల్లకళ్లజోడు పెట్టుకుని, కుర్చీ వేసుకుని, అన్నం వేళ దాకా పగడం ముందు కూర్చునేవారు. లేవగానే లైటు తీసేసేవారు. పగలు దాన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు.

"పట్టపగలు లైటేస్తే లక్ష్మి నిలవదు," అనేవారు.

అందులో తప్పేమీ మాకెవ్వరికీ తోచలేదు. లైటు చీకట్లో కాక ఇంకెప్పుడు వేస్తారు? కంప్యూటర్ల ఆఫీసులో పనిచేసే నాకూ తోచలేదు. పగడం మాత్రం మొండికేసిన పిల్లలా అలాగే ఉంది.

శ్రావణం వచ్చింది, వెంట ముసురూ పట్టుకుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఫోనని పిలిస్తే కిందికి దిగాను. హాలు ధగధగలాడిపోతోంది. తొట్టి పక్కన బల్ల, బల్ల మీద తడిబట్ట, బట్ట మీద వరసలు వరసలుగా గుమ్మడి వడియాలు. ఆంటీ చేతిలో విసనకర్ర పట్టుకుని కాపలా కాస్తోంది.

"పిండి కలిపినాక మొగులు పట్టె. పారెయ్యమంటావా?" అంది నన్ను చూసి. "ఆయనతో అనొద్దు."

అప్పటి నుంచి రోజూ పగలంతా ఆ లైటు వెలిగింది. వడియాలయ్యాక ఊరమిరపకాయలు, ఆ తర్వాత అప్పడాలు, మళ్లీ వడియాలు. సాయంత్రమయ్యేసరికి బల్ల ఖాళీ, లైటు చల్లన. అంకుల్ వచ్చి మళ్లీ వేసి, ముడుచుకున్న పగడం ముందు కళ్లజోడుతో కూర్చునేవారు. ఆయన వాటాగా వడియాలు మాత్రం కరకరలాడుతూ పళ్లెంలోకి వచ్చేవి.

వ్రతం దగ్గర పడుతుండగా మరో ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఫోనుకే కిందికి దిగాను. ఆంటీ వడియాల వైపు కాకుండా తొట్టి వైపు చూస్తోంది. బెల్లం ముద్ద లేదక్కడ. లేత గులాబీ రంగులో సన్నని రేకులు నీళ్లలో ఊగుతున్నాయి. రిసీవరు పట్టుకునే తొట్టి వైపు వంగాను. అమ్మ ఫోన్లో అరుస్తూనే ఉంది.

"పొద్దుగూకితే ముడుచుకుంటాది," అంది ఆంటీ నెమ్మదిగా. "ఆయన వచ్చేసరికి ఏమీ ఉండదు."

చెప్పనా అని అడిగాను. ఆవిడ వంటింటి అలమర వైపు చూసి, వడియాలు తిరగేసింది. ఆ మూల కోసం ఆవిడ ఎన్నాళ్లుగా ఎదురుచూస్తోందో నాకు తెలుసు. నోరు మూసుకున్నాను.

వ్రతం ముందురోజు పొద్దుగూకాక, నేను ఫోను దగ్గరుండగా అంకుల్ వచ్చారు, ఓదెలును వెంటబెట్టుకుని. కళ్లజోడు లేదు.

"ఓడిపోయినానే అనసూయా. మూల నీదే. నీళ్ల దగ్గర రోజూ కాసేపు కూర్చోవల్లనుకున్నా, అంతే. మన ఊర్లో అదొక్కటే లేకపోయె."

ఓదెలు స్టూలెక్కి కొక్కేనికి చెయ్యి పెట్టాడు.

"ఓదెలూ, దిగప్పా," అంది ఆంటీ.

వంటింట్లోకి వెళ్లి, పళ్లెం నిండా వేయించిన వడియాలు తెచ్చి అంకుల్ ముందు పెట్టింది.

"ముసురు పట్టిన దినం నుంచీ తింటాండారు. యాడ ఎండినాయని ఒక్కసారన్నా అడిగినారా?"

అంకుల్ వడియాల వైపు చూశారు. తలెత్తి లైటు వైపు చూశారు. ఓదెలు స్టూలు మీదే నిలబడి ఒక వడియం కావాలన్నట్టు చూశాడు.

"పగలు... వేసినావా?"

"వేసినా. అది విచ్చుకుంటాది, పగలు. నేను చూసినా, ఈ పిల్లా చూసింది. చెప్పకుంటే మూల నాదే అనుకున్యా," అంది ఆంటీ. "చెప్పకుండా ఉండలేకపోతి."

మర్నాడు శుక్రవారం అంకుల్ ప్లాట్లకు వెళ్లలేదు. తెల్లారగానే తొట్టి పక్కనున్న ఆ వడియాల బల్ల కడిగి, పసుపు రాసి, కలశానికి ఆయనే ముగ్గు వేశారు. వంటింట్లోంచి దేవుళ్లందరినీ ఒక్కొక్కరిగా మోసుకొచ్చి పెట్టారు. బయట ఎండ కాస్తోంది.

"అనసూయా," అన్నారు కుర్చీలో సర్దుకుంటూ, "లక్ష్మి వచ్చింది. లైటెయ్యి."