ఆవులు పోయిన బీడు

నాగూర్‌బీకి గొర్రెల తర్వాతే ఎవరైనా. కూతురు షమా పెళ్లిరోజున కూడా మందకు నీళ్లు పెట్టాకే కొత్త చీర కట్టుకున్న మనిషి.

పెనుగంచిప్రోలుకు అవతల వాళ్ల ఊరి బీడు నలభై ఎకరాలు. అక్కడ నాగలి పడినట్టు ఎవరికీ గుర్తు లేదు. నాగూర్‌బీ బక్రీదు పొట్టేళ్ల కోసం అందులో అరవై గొర్రెలు మేపేది. అదే ఊరి రాఘవమ్మగారి పదిహేను ఆవులూ అక్కడే మేసేవి.

నాలుగేళ్ల కిందట మేత కరువైనప్పుడు నాగూర్‌బీకి ఒక ఆలోచన తట్టింది. ఒక ఆవు తినేదాంతో ఐదు గొర్రెలు బతుకుతాయి కదా, ఆవులు పోతే బీడంతా తన మందకే! ఇంకేముంది, రోజూ పేచీ.

"మీ ఆవులు మేసిపోతే నా గొర్రెలకి మన్ను మిగులుద్దా?" అని పొలం గట్టు మీద నిలబడి అరిచేది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నోరు పెద్దదైతే బీడు మనదవుతుందని నాగూర్‌బీ రుజువు చేసింది. తగాదా పడలేక రాఘవమ్మ ఆవుల్ని అటు తోలడం మానేసింది.

మొదటి ఏడాది బీడు పచ్చగా నిండితే నాగూర్‌బీ మురిసిపోయింది. రెండో ఏడు ముతక గడ్డి మోకాలెత్తు లేచింది. ఆవులు నాలుకతో చుట్టి లాక్కుతినేది దాన్నే. గొర్రెలు దాన్ని మూతితో పక్కకు నెట్టి, అడుగునున్న తుమ్మి, గలిజేరు, విష్ణుక్రాంతం ఏరుకుని మొదలుదాకా కొరికేశాయి. కొరికిన మొక్కల మీద గడ్డి నీడ కమ్మింది. అవి మళ్లీ లేవలేదు. ఇరవై రకాల మొక్కలున్న చోట నాలుగు మిగిలాయి.

ఈ ఎండాకాలం ఆ గడ్డి కూడా ఎండి చీపురుపుల్లలయింది. అంత గడ్డి మధ్య నిలబడి గొర్రెలు ఆకలితో అరిచాయి. ఈనినవాటికి పాలు ఇంకిపోయి, ఒక్క వారంలో ఐదు పిల్లలు చచ్చాయి. ఐదోది పోయిన మరునాడు పొద్దున్నే నాగూర్‌బీ వెళ్లి రాఘవమ్మ వాకిట్లో నిలబడింది.

"అక్కా, ఆవుల్ని బీడుకి తోలండి. పైగడ్డి అవి తింటేనే నా గొర్రెలకి కింద మేత."

రాఘవమ్మ చేట పక్కన పెట్టి కొట్టం వైపు చూపించింది. రెండే ఆవులున్నాయి.

"మేపే చోటు లేక పదమూడు అమ్మేశా. ఇప్పుడొచ్చావా?" అంది, కోపం లేకుండా.

తిట్టినా బాగుండేది. నాగూర్‌బీ సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

ఆ వారమే జగ్గయ్యపేటలో పది గొర్రెలమ్మి, మూడు ఆవులు కొని తెచ్చి రాఘవమ్మ కొట్టంలో కట్టేసింది.

"పాలు మీవి, మేపడం నాది."

రాఘవమ్మ వాటిని చూసి నిట్టూర్చింది. "ఐదు ఆవులకి ఆ గడ్డి లొంగేసరికి ఎన్నేళ్లు పడుద్దే?"

"ఎన్నేళ్లయినా పట్టనీ అక్కా. పాడు చేసింది నేనేగా."