బోణీకి ముందు అడిగిన స్ప్రింగు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. పత్రికాఫీసులో ట్రైనీగా చేరి నెల తిరగలేదు, అప్పటికే జిల్లాలో జరిగే ప్రతి తప్పుకూ సంజాయిషీ అడగాల్సింది నేనేనన్న ఊపులో ఉండేవాణ్ణి. ఆనాటి కోపాలన్నీ ఎక్కడెక్కడో రాలిపోయాయి గానీ, రాజమండ్రిలో ఒక హార్డ్‌వేర్ షాపు మీద నాలుగు రోజులు పెంచుకున్న కోపం మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కేంత తాజాగా గుర్తుంది. (తప్పు నాదని తెలిశాక కూడా కోపం తగ్గకపోవడం మా వంశంలో నాకొక్కడికే అబ్బింది.)

అప్పుడు కడియంలో చిన్నమావయ్య ఇంట్లో ఉండేవాణ్ణి. మావయ్యది నర్సరీలో మామిడి అంట్లు కట్టే పని. ఆయన జేబులో ఎప్పుడూ ఒక మడత కత్తి ఉండేది. టెంక నుంచి మొలిచిన మొక్క తల కోసి, మంచి జాతి పుల్లను చెక్కి అందులో దించాలంటే కోత నున్నగా రావాలి. ఏ మాత్రం నలిగినా అంటు పట్టదు. ఏళ్ల తరబడి ఆ కత్తికే అలవాటుపడిన చెయ్యి ఇంకో కత్తి పట్టుకుంటే తడబడేది. అలాంటి కత్తిని ఒక ఆదివారం నేను అడక్కుండా తీసుకుని రంగు డబ్బా మూత లేపబోయాను. మోపెడ్ మీద 'ప్రెస్' అని రాసుకోవాలి మరి. (ఐడీ కార్డు ఇంకా రాలేదు.) మూత లేవలేదు. కత్తి వెనక ఉండే స్ప్రింగు మాత్రం టప్పున విరిగింది. తెరిచినా మూసినా నిలవకుండా కత్తి వేలాడిపోయింది.

మావయ్య తిట్టలేదు. అటూ ఇటూ తిప్పి చూసి, "పోన్లేరా, స్ప్రింగు కొని వేయించుకురా. ఈ వానలు వెళ్లేలోగా ఒప్పుకున్న అంట్లన్నీ కట్టెయ్యాలి," అన్నాడంతే. తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఫోన్లో వెతికితే కొత్త కత్తులు బోలెడు కనిపించాయి గానీ ఒక్క స్ప్రింగు అమ్మేవాడు కనిపించలేదు. నాకు డ్యూటీ మధ్యాహ్నం నుంచి. అందుకని మర్నాడు పొద్దున్నే వానలో తడుస్తూ రాజమండ్రి వెళ్లి, మెయిన్ రోడ్డు వెనక సందులో ఉన్న ఆ షాపు షట్టర్ లేవగానే మొదట నేనే అడుగుపెట్టాను. షావుకారుగారు అప్పుడే దేవుడి పటానికి అగరువత్తులు వెలిగించారు. కత్తి చూసి ముచ్చటపడ్డారు. "అబ్బ, ఏం కత్తండీ! స్ప్రింగేనా? రేపొస్తుందండి." రెండో రోజూ మొదటి మనిషిని నేనే. "రేపొస్తుందండి. టీ తాగుతారా?" మూడో రోజూ అంతే. టీ కూడా తాగాను.

మూడో రోజు సాయంత్రం మావయ్య ఎవరి కత్తో అడిగి తెచ్చుకుని పనికి కూర్చుని బొటనవేలు లోతుగా కోసుకున్నాడు. రాత్రి నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కట్టు మారుస్తూ అత్తయ్య నా వైపు చూడకుండా, "మోపెడ్ మీద అక్షరాలు రాసుకోవడం అయిందా నాయనా?" అని అడిగింది.

నాలుగో రోజు నేను షాపులోకి వెళ్లడమే అరుపుతో వెళ్లాను.

"వచ్చిందా అండీ స్ప్రింగు?"

"రేపు..."

"ఏ రేపండీ? అక్కడ మా మావయ్య వేలు తెగింది! లేకపోతే లేదని చెప్పండి. లేదు! లేదు! లేదు! ఇంతే కదా, నోరు తిరగదా మీకు?"

షావుకారుగారు రెండు చెవులూ మూసుకున్నారు. "అయ్యయ్యో, ఇంకా బోణీ కాలేదు బాబూ! పొద్దున్నే షాపులో నిలబడి ఆ మాటేంటండీ!"

ఎదురు బట్టల షాపాయన పరుగున వచ్చాడు. "చదువుకున్నవారు, మీరే అలా అంటే ఎలాగండీ?" పక్క షాపు వాళ్లూ చేరారు. అందరూ నన్ను 'అండీ' అంటూనే దులిపేశారు. (గోదావరి వాళ్ల చేత తిట్లు తినడంలో ఉన్న చిక్కే అది, తిరిగి అరవడానికి ఒక్క మాటా దొరకదు.) చివరికి తీర్పు కూడా వాళ్లే ఇచ్చారు: అన్న నోటితోనే బోణీ చెయ్యాలి. ఒళ్లు మండిపోతుండగా చేతికి దగ్గరగా ఉన్న మేకులు అరకిలో తూయించుకున్నాను. షావుకారుగారు నా నోటును కళ్లకద్దుకుని పెట్టెలో వేసి, చాలా తృప్తిగా చెప్పారు.

"ఇప్పుడు చెప్తానండి. ఆ స్ప్రింగు లేదు. కాకినాడ వెళ్లినా లేదు. విడిగా ఎవరూ అమ్మరండి."

"మరి మూడు రోజులూ వస్తుందన్నారు?"

"మీరు రోజూ బోణీకి ముందే వచ్చేస్తున్నారు కదండీ. ఓ గంటాగి వచ్చుంటే మొదటి రోజే చెప్పేవాణ్ణి."

ఆ క్షణంలో నాకు వచ్చిన కోపానికి సరిపడే మాట ఇన్నేళ్ల వృత్తిలోనూ దొరకలేదు. నేను వెళ్లిపోబోతుంటే ఆయనే ఆపి, సొరుగులోంచి ఇనుము కోసే యాక్సా బ్లేడు విరిగిన ముక్క తీసిచ్చారు. "దీన్ని అరగదీస్తే స్ప్రింగవుతుందండి. సందు చివర తాళాలు బాగుచేసే ఆయన చేస్తాడు." ఆ తాళాలాయన గంటసేపు ఆకురాయితో రుద్ది, కొలత చూసి, మళ్లీ రుద్ది అమర్చాడు. "బిగించడానికి ఇనప పిన్ను కావాలండి, ఉందా?" అన్నాడు. నా దగ్గర అరకిలో ఉన్నాయి.

మావయ్య కత్తి తెరిచి, ఒక పుల్ల చెక్కి, కోతను వెలుతురులో పెట్టి చూసి, "భేషుగ్గా ఉంది," అన్నాడు. వేలికి కట్టు ఉండటంతో ఆయన కోసి దించుతుంటే ప్లాస్టిక్ రిబ్బను నేను చుట్టాను. ఆ రోజు డ్యూటీకి సెలవు చెప్పి, సాయంత్రం దాకా వరసలో కూర్చుని ముప్ఫై మొక్కలు చుట్టాను. మూడు వారాలు గడిచాక చూస్తే వాటిలో నాలుగే చిగురించాయి. రిబ్బను ఎంత వదులుగా చుట్టానో అక్కడ పనిచేసే వాళ్లందరికీ కనిపిస్తూనే ఉంది. మావయ్య ఎండిన పుల్లలు పీకేస్తూ, "కత్తి ఇంకా చేతికి కుదరలేదురా, అందుకే," అన్నాడు.

నేను ఆ మాట నమ్మేశాను. నమ్మి, ఆ తాళాలాయన్ని నిలదీసి వస్తానని మోపెడ్ స్టార్ట్ చేశాను. మావయ్య నవ్వు ఆపుకుంటూ హ్యాండిల్ పట్టుకుని ఆపిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే, ఇప్పుడు నాకు వాడి మీద తప్ప ఎవరి మీదా కోపం రాదు. అదీ ఎక్కువసేపు నిలవదు.